బైసికిల్ కిచెన్‌కి ఎవరైనా వెళ్ళారా? వాలంటీర్లతో ఇన్నేళ్ళు ఎలా నడుస్తోంది?

ఖమ్మం_టు_ఎల్‌ఏ

అందరికీ నమస్తే. నేను లాస్ ఏంజిలెస్‌లో యూఎస్‌సీ యూనివర్సిటీలో మాస్టర్స్, మొదటి సెమిస్టర్. సీనియర్ ఒకతను ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతుంటే ఆయన దగ్గర పాత ష్విన్ కంపెనీ టెన్-స్పీడ్ (పది గేర్ల) సైకిల్ 50 డాలర్లకి తీసుకున్నా. రూమ్ నుంచి క్యాంపస్‌కి అదే. పది రోజులు కాలేదు, వెనక టైరు పగిలింది. ఎత్తు ఎక్కేటప్పుడు చైన్ టకటకమని జారుతోంది. వెనక చక్రం అష్టవంకర్లు తిరిగి బ్రేకుకి రాసుకుంటోంది. దగ్గర్లో ఒక షాపులో చూపిస్తే అన్నీ కలిపి 140 డాలర్లు అన్నాడు. సైకిల్ కొన్నదే 50కి! మా ఖమ్మంలో అయితే టీ తాగి వచ్చేలోపు చేసి పెట్టేవాళ్ళు.

ల్యాబ్‌లో ఒక మెక్సికన్ ఫ్రెండ్ "బైసికిల్ కిచెన్‌కి పో" అన్నాడు. సైకిళ్ళ రిపేరు చోటట అది. అక్కడ పనిచేసేవాళ్ళంతా వాలంటీర్లేనట, వాళ్ళని కుక్స్ అంటారట. 20 ఏళ్ళు దాటిందట. నాకైతే నమ్మబుద్ధి కావట్లేదు. జీతం లేకుండా ఇన్నేళ్ళు ఎవరు చేస్తారు? ఎవరు పెట్టారు దాన్ని? వెనకాల ఏదైనా మతం, పార్టీ లాంటిది ఉందా? పొద్దున సైకిల్ ఇచ్చేసి క్లాస్ అయ్యాక తెచ్చుకోవచ్చా? వెళ్ళినవాళ్ళు చెప్పండన్నా.

---

తెనాలి_పానా

తమ్ముడూ, చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్తా: ఇచ్చేసి రాలేవు. అక్కడ నీ సైకిల్ ఎవరూ బాగుచేయరు. స్టాండుకి ఎక్కించి, పానా నీ చేతికిచ్చి, పక్కన నిలబడతారు. ఈ ఒక్క ముక్క తెలియక మనవాళ్ళు చాలామంది వెళ్ళి మొహం వేలాడేసుకుని వెనక్కి వచ్చారు. ఫ్రీ సర్వీస్ సెంటర్ అనుకుని వెళ్తే అలాగే ఉంటుంది మరి.

కిచెన్ హీలియోట్రోప్ వీధిలో ఉన్న రోజుల నుంచీ నేను అక్కడికి వెళ్తున్నా. కొన్నాళ్ళు కుక్‌గా కూడా చేశా. మా నాన్నకి తెనాలిలో సైకిల్ షాపు ఉండేది. గంటకింత అని అద్దెకి కూడా ఇచ్చేవాళ్ళం, సైకిల్ టాక్సీ అనేవాళ్ళు గుర్తుందా ఎవరికైనా? అందుకని ఈ విషయం కాస్త పొడుగ్గానే రాస్తా, ఓపిక ఉంటే చదువు.

2002లో మొదలైంది. కొరియాటౌన్ అంచున, వెర్మాంట్ అవెన్యూకి కొంచెం తూర్పున, బిమినీ ప్లేస్ అనే చిన్న వీధి ఉంది. అక్కడ లాస్ ఏంజిలెస్ ఎకో-విలేజ్ అని కొంతమంది కలిసి ఉండే అపార్ట్‌మెంట్లు. 1992 అల్లర్లలో ఆ చుట్టుపక్కల అంతా కాలిపోయాక, పేటని పేటవాళ్ళే మళ్ళీ నిలబెట్టుకోవాలని లోయిస్ ఆర్కిన్ అనే ఆవిడా, ఆవిడతో కొందరూ 1993లో మొదలుపెట్టారు. కారు లేనివాళ్ళకి అద్దెలో కొంత తగ్గింపు కూడా ఇచ్చేవాళ్ళు. ఈ ఊళ్ళో! అక్కడుండే జిమ్మీ లిజామా సైకిల్ మీద డౌన్‌టౌన్‌లో పార్సిళ్ళు, కాగితాలు అందించే మెసెంజర్. రోజంతా సైకిల్ మీదుండేవాడికి రిపేరు రాకపోతే బతుకు లేదు. ఆ బిల్డింగ్‌లో ఎవరూ వాడని ఒక ఫ్లాటులో వంటగది ఖాళీగా ఉంటే, తనూ ఇంకొందరు స్నేహితులూ కలిసి సామాన్లు అందులో పెట్టి, వచ్చినవాళ్ళకి చూపించడం మొదలుపెట్టారు. కిచెన్ అన్న పేరు అలా వచ్చింది. వంట సంగతేమీ లేదు. మతం లేదు, పార్టీ లేదు.

మొదట్నుంచీ రెండు పేర్లు రాసుకున్నారు: ఇంగ్లీషులో ఒకటి, స్పానిష్‌లో లా బిసికోసినా. అది ఊరికే బోర్డు కోసం పెట్టింది కాదు. అప్పట్లో ఈ ఊళ్ళో సైకిల్ తొక్కేవాళ్ళంటే రెండు రకాలే. ఆదివారం పొద్దున బిగుతు బట్టలేసుకుని సముద్రం ఒడ్డున తొక్కేవాళ్ళు ఒక రకం. రాత్రి పన్నెండుకి రెస్టారెంట్లో గిన్నెలు కడిగి, బస్సులు లేక, లైటు లేని సైకిల్ మీద ఫుట్‌పాత్ ఎక్కి ఇంటికెళ్ళే వలస కూలీలు ఇంకో రకం. షాపులన్నీ మొదటి రకానికే. రెండో రకానికి సైకిల్ పాడైతే రేపటి పనే పాడవుతుంది. నువ్విప్పుడు ఆ రెండో రకంలో ఉన్నావు, ఏమీ అనుకోకు, మేమూ అంతే అప్పట్లో.

వంటగది చాలకపోయింది. 2005లో హీలియోట్రోప్ డ్రైవ్, మెల్‌రోజ్ మూలకి మారారు. ఎల్‌ఏ సిటీ కాలేజీకి దగ్గర. ఇరుకు గది, గోడ నిండా పానాలు, పైన చూరుకి వేలాడే చక్రాలు. సాయంత్రం అయ్యేసరికి జనం ఫుట్‌పాత్ మీదికి వచ్చేసేవాళ్ళు. ఎదురుగా ఆరెంజ్ 20 అనే మామూలు సైకిల్ షాపు ఉండేది. కొత్త పార్టు కావాలంటే రోడ్డు దాటి కొనుక్కుని రావడమే. ఆ మూలకి జనం హెల్-మెల్ అని పేరు పెట్టేశారు. ఎల్‌ఏలో నడుచుకుంటూ పది మంది తెలిసినవాళ్ళు ఎదురయ్యే చోటు నాకు తెలిసి అదొక్కటే. ఆ తర్వాతే ఇప్పుడున్న ఫౌంటెన్ అవెన్యూకి వెళ్ళారు.

జీతం లేకుండా ఎవరు చేస్తారు అన్నావు. కుక్ అయినవాళ్ళలో చాలామంది మొదట నీలాగా విరిగిన సైకిల్‌తో వచ్చినవాళ్ళే. వారానికో పూట షిఫ్టు. స్టాండు వాడుకున్నందుకు మేం ఉన్నప్పుడు గంటకి 7 డాలర్లు సూచించేవాళ్ళం. లేదంటే పని చేయొచ్చు: వచ్చిన పాత సైకిళ్ళు విప్పడం, నట్లు, బోల్టులు డబ్బాల్లోకి వేరుచేయడం, ఊడవడం. డబ్బు లేదని ఎవరినీ పంపించలేదు. ఊళ్ళోవాళ్ళు పడేసే సైకిళ్ళు వస్తాయి, వాటిలో పనికొచ్చేవి విప్పి అమ్ముతారు. మొత్తం సంసారం అంతే.

ఇలాంటిది ఎల్‌ఏవాళ్ళే కనిపెట్టారని అనుకోకు. వియన్నాలో పాత రైలింజన్ల ఫ్యాక్టరీని జనం ఆక్రమించుకుని కట్టుకున్న సాంస్కృతిక కేంద్రంలో 1980ల మొదట్లోనే ఎవరి సైకిల్ వాళ్ళే బాగుచేసుకునే వర్క్‌షాపు పెట్టారు. అమెరికాలోనే 1984లో బైక్స్ నాట్ బాంబ్స్ అనే సంస్థ మొదలైంది. అప్పుడు అమెరికా ప్రభుత్వం నికరాగువాలో అక్కడి ప్రభుత్వం మీద తిరగబడ్డ కాంట్రాలకి డబ్బూ ఆయుధాలూ ఇస్తుంటే, వీళ్ళు పాత సైకిళ్ళు పోగుచేసి, బాగుచేసి అదే నికరాగువాకి పంపారు. ఇలాంటి వర్క్‌షాపులవాళ్ళంతా ఏటా ఒక ఊళ్ళో కలుసుకుంటారు, 2004లో న్యూ ఓర్లీన్స్‌లో మొదలుపెట్టారు ఆ కలయిక.

ఇక నీ సైకిల్. పాత ష్విన్ టెన్-స్పీడ్ అంటే టైరు దాదాపు ఖాయంగా 27 ఇంచులు. షాపులో 700సి అని ఇంకో సైజు ఉంటుంది, చూడ్డానికి ఒకటే, రింగు కొలత 630 మిల్లీమీటర్లకి 622. ఎక్కదు. టైరు పక్కన రాసి ఉన్న అంకెలు ఫొటో తీసుకుని వెళ్ళు. వాల్వు మనూళ్ళో సైకిల్ వాల్వులా, లోపల రబ్బరు వాల్ ట్యూబు ఉండేది కాదు. మోటార్ సైకిల్‌కి ఉండేలాంటిది అయి ఉంటుంది, చూసుకో.

---

వాన_పోర్ట్‌లాండ్

తెనాలి గారూ, బాగా రాశారండి. కానీ ఇంత తతంగం దేనికి అనిపిస్తుంది నాకు. మా పోర్ట్‌లాండ్‌లో 1994లో పసుప్పచ్చ సైకిళ్ళు అని చేశారు. పాత సైకిళ్ళు బాగుచేసి, పసుపు రంగేసి, తాళం లేకుండా రోడ్ల మీద వదిలేశారు. ఎవరైనా ఎక్కి, దిగిన చోట వదిలేసి పోవచ్చు. పాపం స్టూడెంటుకి క్లాసులు, అసైన్‌మెంట్లు; వాడికి కావలసింది సైకిల్. బేరింగులు, గ్రీజు వాడికెందుకు? బాగుచేసి ఇచ్చేస్తే పోతుంది కదా.

---

తెనాలి_పానా

మీ పోర్ట్‌లాండ్ పసుప్పచ్చ సైకిళ్ళు ఇప్పుడు ఎక్కడున్నాయండీ? అదే నా జవాబు. కొన్ని ఎత్తుకుపోయారు, కొన్ని విరగ్గొట్టారు, మూడు నాలుగేళ్ళలో అయిపోయింది. పోర్ట్‌లాండ్ కంటే ముప్ఫై ఏళ్ళ ముందు, 1965లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో ప్రోవో అనే ఉద్యమం కుర్రాళ్ళు సైకిళ్ళకి తెల్ల రంగేసి వదిలారు. లూడ్ స్కిమ్మెల్‌పెన్నింక్ అనే ఆయన ఆలోచన. పోలీసులు వచ్చి, తాళం లేకుండా సైకిల్ బయట వదలడం నేరం అని పట్టుకుపోయారు! కుర్రాళ్ళు తగ్గలేదు, నంబరు తాళాలు బిగించి, ఆ నంబరుని సైకిల్ మీదే పెయింటుతో రాశారు. నవ్వొస్తుంది తలుచుకుంటే. మనిషిగా ఆ స్కిమ్మెల్‌పెన్నింక్ నాకు చాలా ఇష్టం, తర్వాత ఆమ్‌స్టర్‌డామ్ కౌన్సిల్లోకి కూడా వెళ్ళాడు. పథకం మాత్రం నిలవలేదు. టెక్సస్‌లో ఆస్టిన్‌వాళ్ళు 1997లో పసుపు సైకిళ్ళతోనే మొదలుపెట్టి, చివరికి జనానికి పానాలిచ్చి నేర్పే షాపు దగ్గరికి వచ్చి ఆగారు. పేరు ఇప్పటికీ ఎల్లో బైక్ ప్రాజెక్టే.

మా షాపులో అద్దె సైకిళ్ళు ఎలా తిరిగొచ్చేవో నాకు తెలుసు. తనది కాని సైకిల్‌ని మనిషి గుంటలో దించి తొక్కుతాడు. అదే, సొంత చేత్తో చువ్వలు బిగించిన చక్రమైతే గుంట కనపడగానే సీటు మీంచి లేచి నిలబడతాడు. నేర్పడం అన్నది దయ కోసమో దానం కోసమో అనుకోను నేను. సామాను నిలబడడానికి అదే దారి. ఇంకోటి, రోజుకి ఇరవై మంది సైకిళ్ళు కుక్కులే బాగుచేసి పెడితే ఆర్నెల్లలో ఒక్క వాలంటీరు మిగలడు, అందరూ అలిసిపోయి వెళ్ళిపోతారు. నేర్చుకున్నవాడు ఇంకొకడికి చూపిస్తేనే షిఫ్టుకి మనుషులు దొరుకుతారు.

మీ ఊళ్ళోనే, ఆ 1994లోనే మొదలైన కమ్యూనిటీ సైక్లింగ్ సెంటర్ సంగతి చూడండి, ఆల్బర్టా వీధిలోది. పసుపు సైకిళ్ళు పోయాయి, పిల్లలకి రిపేరు నేర్పిన అది దశాబ్దాలు నడిచింది.

---

గోదారమ్మాయి

తెనాలి అన్నయ్య చెప్పని విషయం ఒకటి నేను చెప్తా. సోమవారం రాత్రుళ్ళు ఆడవాళ్ళకి విడిగా పెట్టేవాళ్ళు కిచెన్‌లో. కుక్కులు కూడా ఆడవాళ్ళే. తర్వాత ట్రాన్స్, క్వీర్ వాళ్ళందరికీ కూడా అన్నారు. నేను రాజమండ్రి దాన్ని, ఇంట్లో సైకిల్ తొక్కడం వరకే నాకు, గాలి కొట్టేది కూడా తమ్ముడే. ఇక్కడ మామూలు షాపుకి వెళ్తే కౌంటర్లో కుర్రాడు నా మొహం చూడకుండా మా ఆయనతో మాట్లాడేవాడు. సైకిల్ నాదే అయినా సరే!

సోమవారం వెళ్తే నాకు మొట్టమొదట నేర్పింది పెడల్ విప్పడం. ఎడమ పెడల్‌కి మర ఉల్టా ఉంటుంది తెలుసా? మామూలుగా తిప్పితే ఇంకా బిగుసుకుంటుంది. నేను బలమంతా పెట్టి తిప్పుతుంటే పక్కనున్న పెద్దావిడ ఏమీ అనకుండా నవ్వుతూ చూసి, "రెండో వైపు తిప్పి చూడు" అంది. తొక్కుతుంటే అది ఊడిపోకుండా అలా పెడతారట. ఈ సంగతి మా తమ్ముడికి ఫోన్ చేసి చెప్తే వాడికీ తెలీదు. ఆ రోజు నాకున్న గర్వం అంతా ఇంతా కాదు.

ఖమ్మం తమ్ముడూ, నల్ల టీ షర్టు వేసుకుని వెళ్ళు. వెళ్ళేముందు వాళ్ళ వెబ్‌సైట్లో టైమింగ్స్ చూసుకో, వాలంటీర్లు కదా, మారుతుంటాయి. ఎక్స్‌పో పార్క్ దగ్గర మెట్రో రైలు E లైన్ ఎక్కి సెవెంత్ స్ట్రీట్‌లో B లైన్ మారి వెర్మాంట్-సన్‌సెట్‌లో దిగితే దగ్గరే. మెట్రోలో సైకిల్ ఎక్కించనిస్తారు.

---

తెనాలి_పానా

అమ్మా, నువ్వు చెప్పడమే బాగుంది, నేను రాస్తే ఉపన్యాసంలా ఉండేది. సోమవారాలు మేం ఆ వైపు వెళ్ళేవాళ్ళం కాదు. అలా అన్నందుకు మొదట్లో సణిగిన మగవాళ్ళు కూడా ఉన్నారులే.

ఇంకో మాట మర్చిపోయా. ఆ గది నుంచి బయటికి వెళ్ళి మనుషులు ఏం చేశారన్నది కూడా చరిత్రే కదా. 2004లో కొద్దిమంది స్నేహితులు రాత్రిపూట సరదాగా ఊరంతా తొక్కుదాం అని బయల్దేరారు, మిడ్‌నైట్ రైడాజ్ అని. రెండేళ్ళు తిరిగేసరికి వెయ్యి మంది దాకా వచ్చేవాళ్ళు. కిచెన్ చూసి ఊరి మిగతా మూలల్లో ఇలాంటివే పెట్టుకున్నారు. హైలాండ్ పార్క్‌లో బైక్ ఓవెన్, పడమటి వైపు బైకరోవేవ్. వంటింటి సామాను అంతా వచ్చేసింది, మిక్సీ ఒక్కటే తక్కువ.

2010 అక్టోబర్ 10న మొట్టమొదటి సిక్లావియా, అంటే కార్లు ఆపేసి రోడ్లు జనానికి వదిలే రోజు, జరిగింది. బొగోటాలో 1970ల నుంచి ఆదివారాలు కార్లు ఆపేసి రోడ్లు జనానికి వదిలేస్తారు కదా, అది చూసి. తూర్పున బాయిల్ హైట్స్ నుంచి పడమర హాలీవుడ్ వైపుకి, 7.5 మైళ్ళు. ఆ పడమటి కొస ఎక్కడ పెట్టారనుకున్నావు? హీలియోట్రోప్, మెల్‌రోజ్ మూల. మా పాత గది ముందు. పదేళ్ళ పిల్లలు రోడ్డు మధ్యలో చేతులొదిలేసి తొక్కుతుంటే చూస్తూ నిలబడ్డాం.

---

బ్రాడీపేట_అపార్ట్‌మెంట్

గుంటూరు నుంచి. మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో పిల్లల సైకిళ్ళు తుప్పు పట్టి గుట్టలుగా పడున్నాయి. పిల్లలు పెరిగిపోయారు, ఎవరూ తీయరు. మీ కథ చదివాక ఇక్కడా ఒక కిచెన్ పెట్టాలనిపిస్తోంది. రిటైర్డ్ వాళ్ళం నలుగురం ఉన్నాం. ఎలా మొదలుపెట్టమంటారు?

---

తెనాలి_పానా

అయ్యా, పెట్టండి. కానీ ఇక్కడిది ఉన్నదున్నట్టు అక్కడ దించొద్దు.

మా నాన్న పానా ఎవరి చేతికీ ఇచ్చేవాడు కాదు. గాలి కొట్టే పంపు మాత్రం బయట ఉండేది, అది ఎవరైనా వాడుకోవచ్చు. పంక్చరు కూడా ఎలా వేస్తాడో దగ్గరగా వచ్చి చూస్తే "అటు జరుగు, వెలుతురు అడ్డం" అనేవాడు. ఆయనకి అది అన్నం పెట్టే విద్య. ఇక్కడ గంట కూలీ ఆకాశంలో ఉంటుంది కాబట్టి 50 డాలర్ల సైకిల్‌కి 140 డాలర్ల రిపేరు. పేదవాడు షాపు గుమ్మం ఎక్కలేడు. ఆ సందులో పుట్టింది కిచెన్. మీ బ్రాడీపేటలో ఇంకా ఏ మూలనో చెట్టుకింద నీళ్ళ పళ్ళెం పెట్టుకుని కూర్చున్న మనిషి ఉంటాడు. మీరు నలుగురు పింఛనుదార్లు ఫ్రీగా పంక్చర్లు వేయడం మొదలుపెడితే ముందు ఆయన పొట్ట కొట్టినట్టు. మోపెడ్లు, బైకులు వచ్చి ఆ వృత్తిని ఎటూ చాలావరకు మింగేశాయి.

కాబట్టి ఆయన్నే పిలవండి. నెలకి రెండు ఆదివారాలు, రోజు కూలీ కంటే ఎక్కువే ఇచ్చి, సెల్లార్లో కూర్చోబెట్టండి. చేసేది పిల్లలు, చెప్పేది ఆయన. మీ నలుగురూ చేయాల్సింది చందాలు, సామాన్లు, పిల్లల చేతులు నలగకుండా చూడ్డం. ముందు ప్రతి ఫ్లాటు తలుపూ కొట్టి "ఈ సైకిల్ మీదేనా, ఇచ్చేస్తారా" అని కాగితం మీద సంతకం తీసుకోండి. బాగయ్యాక "అది మా వాడిదే" అని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. ఒకటి బాగుచేయాలంటే మూడు విప్పాల్సి వస్తుంది, ఆ లెక్కన చూసుకోండి. తయారైనవి మీ వాచ్‌మన్ పిల్లలకీ, పనిమనిషి పిల్లలకీ ఇవ్వండి. కానీ చేతులో పెట్టకండి. ఆ పిల్లలే వచ్చి చక్రం బిగించుకుని తీసుకెళ్ళేలా చేయండి.

---

ఖమ్మం_టు_ఎల్‌ఏ

అన్నా, వెళ్ళొచ్చా! మీరన్నట్టే 27 ఇంచుల టైరే. ఫొటో చూపించగానే వెనకనుంచి ఒకటి తెచ్చిచ్చారు. చక్రం ఒంకర తీయడానికే గంటన్నర పట్టింది. కుక్ ఒకావిడ చువ్వల పానా ఇచ్చి, రింగు ఎటు జరిగితే దాని రెండో వైపు చువ్వ పావు తిప్పు బిగించమంది. నేను అర తిప్పుతుంటే ప్రతిసారీ "పావు, పావు" అంటుంది. ఇప్పుడు రాసుకోవట్లేదు. చేతులు నలుపు ఇంకా పోలేదు. కానీ గేరు ఇంకా జారుతోంది. చైన్ మారిస్తే సరిపోతుందా?

---

తెనాలి_పానా

శభాష్. చైన్ కొనే ముందు స్కేలు పెట్టి కొలువు. ఒక పిన్ను మధ్య నుంచి మొదలుపెట్టి 24 లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 ఇంచులు రావాలి. ఇంచులో పదహారో వంతు సాగితే చైన్ ఒక్కటీ మారిస్తే చాలు. ఎనిమిదో వంతు దాటితే వెనక ఫ్రీవీల్ పళ్ళు కూడా అరిగిపోయి ఉంటాయి, కొత్త చైన్ వేస్తే ఇంకా ఎక్కువ జారుతుంది. ఫ్రీవీల్ ఊడదీసే పరికరం కిచెన్‌లో ఉంటుంది, కానీ పాతవాటికి రకరకాలుంటాయి, మధ్యలో ఎన్ని గాట్లున్నాయో చూసుకుని అడుగు. అది విప్పడానికి ఇద్దరు కావాలి, ఒక్కడివే వెళ్ళకు, రూమ్మేట్‌ని తీసుకుపో.